కుడిపక్క నవ్వు

ఇచ్ఛాపురంలో పుట్టింట పురుడు పోసుకుని, నెల దాటిన పిల్లతో పలాస రైలెక్కాను. కిటికీ పక్క సీటు నాదేనని పంతం పట్టి మరీ కూర్చున్నాను. పలాసకి ముందొచ్చే సుమ్మాదేవి స్టేషను దాటేదాకా ఎడమ చెంపకు గాలి తగులుతూనే ఉంది. మర్నాడు ఉద్దానంలో, మా అత్తింట్లో, నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడమ పక్కనుంచి జారిపోయాయి. అద్దంలో చూసుకుంటే సగం ముఖం మేలుకుని ఉంది, సగం నిద్రపోతోంది.

"రైలు గాలి కొట్టీసింది" అని ఊరంతా తీర్పు చెప్పేసింది. టెక్కలి డాక్టరు మాత్రం చేతులూ కాళ్లూ ఎత్తించి చూసి, పక్షవాతం కాదు, ముఖాన్ని కదిలించే నరం వాచిందన్నారు. మెల్లగా తగ్గుతుందన్నారు. మాత్రలు, కంట్లో చుక్కలు రాసిచ్చి, రోజూ బుగ్గలు పూరించి ఊదమన్నారు.

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పని నాది. ఊదడం నాకొక లెక్కా! అరచేతిలో ఎర్ర పొట్టు పెట్టుకుని ఊదితే, గాలి పక్కనుంచి పోయింది. పొట్టు కదల్లేదు. ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం కునుకు పడితే ఎడమ కన్ను మూతపడేది కాదు. నిద్రలోకే ఉయ్యాల వచ్చేది, గోడమీద కొబ్బరాకుల నీడలు వచ్చేవి. కలేదో ఇల్లేదో తెలిసేది కాదు. అందులో నా కూతురు పెద్దదై, అచ్చం నాలాగే కుడిపక్కకే నవ్వేది. ఉలిక్కిపడి లేచేదాన్ని.

నా భయమంతా అదే. తల్లిని చూసే కదా పిల్లలు నవ్వు నేర్చుకుంటారు. ఇంకా ఒక్కసారైనా నవ్వని పిల్లకి ఈ వంకర మూతి ఎలా చూపించను? పాలిచ్చేటప్పుడు కొంగు ముఖంమీదికి లాక్కునేదాన్ని. పిల్ల ఆ కొంగుకేసి చూసి ఏడ్చేది.

ఒకరోజు మా అత్త వచ్చి కొంగు లాగేసింది.

"ఓలమ్మా! మొకం కప్పీసుకుని పాలిత్తావేటే? సక్కని మూతో వొంకర మూతో గుంటకేటి తెల్సు? దానికి అమ్మ కావాల."

"నవ్వితే జడుసుకుంటాదత్తా."

"ముందు నవ్వు. తరవాత సూద్దుం."

కోపంతోనే నవ్వాను. మూతి కుడిచెవి వైపు పోయింది. పిల్ల ఏడుపు ఆపి చాలాసేపు చూసింది. తర్వాత చిన్న నోరు తెరిచి, నిండుగా, రెండు పక్కలా నవ్వింది. అదే దాని మొదటి నవ్వు. నా ఎడమ కన్ను ఎలాగూ కారుతూనే ఉండేది. ఆవేళ కుడిది కూడా తోడైంది.

మూడు నెలలకు చెంప మెల్లమెల్లగా మేలుకుంది. ఒక ఉదయం అరచేతిలో పొట్టు ఎగిరిపోయింది! అద్దం దగ్గరికి పరిగెత్తి నవ్వి చూసుకున్నాను. నిండు నవ్వే. ప్రాణం లేచొచ్చింది. అదే నవ్వుతో ఉయ్యాల మీదికి వంగాను.

పిల్ల కొత్త మనిషిని చూసినట్టు చూసింది. కింది పెదవి వణికింది.

"ఒసే, నేనేనే!" అంటే ఇంకా బిక్కమొహం పెట్టింది.

చివరికి మూతిని కుడిపక్కకి లాగి నవ్వాను. పిల్ల కాళ్లాడిస్తూ కేరింతలు కొట్టింది.