జనుము దున్నించిన ఏడు

ఆ రోజుల్లో నాది కాళ్ళతో చేసే ఉద్యోగం. వ్యవసాయ శాఖలో మేస్త్రీని. మార్కాపురం ఆఫీసులో మా అధికారి చెప్పింది విని, ఊరూరా తిరిగి రైతులకు చెప్పాలి. యుద్ధకాలం. ఓడల్లో దిగే సీమ ఎరువు మూటలు మా మెట్ట ప్రాంతం దాకా వచ్చేవి కావు. అందుకని పచ్చిరొట్ట వేయించమన్నారు. తొలకరికి జనుము చల్లి, పూతకొచ్చే వేళకు కలియదున్ని, ఆ నేలలో జొన్న విత్తితే గింజ బాగా దిగుతుందని చెప్పాలి. చెప్పీ చెప్పీ నా మాటలు నాకే రుచి లేకుండా పోయాయి.

ఒక్కరూ ముందుకు రాలేదు. చివరికి కురిచేడు స్టేషన్లో దిగి చాలా దూరం నడిస్తే వచ్చే ఒక పల్లెలో ఒకామె ఒప్పుకుంది. భర్త పోయాక నాలుగెకరాల నల్లరేగడిని తనే చేయించుకుంటున్న మనిషి. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి.

జనుము నడుమెత్తు పెరిగింది. దున్నించే రోజున వెళితే, ఆమె గట్టు మీద నిలబడి ఉంది.

"ఏంది నాయనా, ఇంత పచ్చటిదాన్ని మట్టిపాలు చేయమంటావా? ఇంటికాడ చూలు గేదె ఉంది. కోసి దానికన్నా ఏస్తా."

నేనొక మొక్క పీకి వేళ్ళు చూపించాను. సన్నటి బుడిపెలు.

"పురుగు పట్టినాదా?"

"పురుగు కాదు పెద్దమ్మా. గాలిలో నత్రజని అని ఒక బలముంది. ఈ బుడిపెలు దాన్ని పట్టుకుంటాయి. మొక్క మట్టిలో మురిగితే ఆ బలం జొన్నకొస్తుంది."

"మురగాలంటే వాన పడాల గదా. పడతాదా?"

"పడుతుంది" అన్నాను.

ఆ మాట చెప్పమని నాకెవరూ చెప్పలేదు. ఎండలో నడిచొచ్చి నోరెండిపోయింది. సంభాషణ ముగిస్తే చాలనిపించి అనేశాను. ఆమె నా ముఖం చూసి, నాగలివాళ్ళకు చెయ్యి ఊపింది.

వాన పడలేదు.

నెలన్నర తర్వాత వెళ్ళాను. వెళ్ళకుండా తప్పించుకుందామని ఆ వారమంతా చూశాను కానీ, అధికారి పంట చూసి రమ్మన్నాడు. జనుము పుల్లలు మురగకుండా మట్టిలో ఎక్కడివక్కడే ఎండిపోయి ఉన్నాయి. వాటికి చెదలు పట్టి, మొలిచిన కాసిన్ని జొన్న మొక్కల మొదళ్ళు కూడా కొరికేశాయి. పెద్దమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"గేదెను మా కూతురింటికి తోలినాను. ఇక్కడ గడ్డి పరక లేదు. దోవలోనే ఈసుకుపోయింది. దూడ దక్కలా" అని, లోపలికి పోయి నాకు చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగడానికి సిగ్గేసింది. దాహం ఆగక తాగాను.

మరుసటి ఏడు వానలు వేళకు పడ్డాయి. చెదలు తినగా మిగిలిన పోయినేటి జనుమంతా నేలలో కరిగింది. ఆమె చేలో జొన్న నల్లగా, మనిషిని మించి ఎదిగింది. కంకులు బరువుకు వంగాయి. పక్క చేలు దానిముందు పాలిపోయి కనిపించాయి. మా అధికారి సంతోషించి, చుట్టుపక్కల రైతులను పిలిపించి ఆమెను మాట్లాడమన్నాడు.

"పంట బాగనే వచ్చినాది. అట్లని ఈ అబ్బాయి చెప్పినట్ల ముందే దున్నబాకండి. నేల తడిసినాక దున్నండి. వాన రాకుంటే కోసి గొడ్లకేసుకోండి. పేడన్నా దక్కుతాది" అందామె.

అధికారి నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. మరునాటి నుంచి వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఆమె మాటలే చెప్పాను. వాన వస్తుందా అని అడిగితే, నాకు తెలియదన్నాను. నాకు తెలియదన్నాక కూడా కొందరు జనుము గింజలు అడిగి తీసుకున్నారు.