ఒంటెపిల్లకు ఎద్దుల మేత

మా నాయన ముచ్చటపడి కట్టించిన కొత్త కొట్టాన్ని నా చేతులారా కూల్చిన కథ ఇది. వరద రాలేదు, పిడుగు పడలేదు. ఒక ఒంటెపిల్లకు కడుపునిండా ఉలవలు పెట్టాను, అంతే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మాది శిరివెళ్ల. ఏళ్ల తరబడి కలలుగని నాయన నాపరాళ్లతో ఆ కొట్టం కట్టించాడు. దాని రాతి ద్వారబంధాన్ని రోజుకోసారి చేత్తో తడమందే ఆయనకు ముద్ద దిగేది కాదు. ఆ ఏడే ఆళ్లగడ్డ బండలాగుడు పందెంలో నేను మేపిన ఎద్దులు గెలిచాయి. ఇక నన్ను పట్టేవాడు లేడు.

నంద్యాల ఖాదరన్న జాతరల్లో పిల్లలను ఒంటె ఎక్కించి తిప్పేవాడు. పాలు మానిన ఒంటెపిల్లను, బొత్తిగా ఎముకల గూడును, మా ఇంటికి తోలుకొచ్చాడు.

"అప్పా, నేను దీని తల్లితో ఊర్లు తిరిగొచ్చేదాకా దీన్ని ఈడ ఉంచుకో. నాలుగు తుమ్మకొమ్మలు పడేస్తే చాలు."

"తుమ్మకంపా! పసిదానికి కండ యాడ పడుతుందన్నా? నువ్వొచ్చేసరికి చూడు!"

పందెపు ఎద్దుకు ఏం పెడతామో అదే పెట్టాను: ఉడికిన ఉలవలు, రుబ్బిన పత్తిగింజలు, చెనక్కాయ చెక్క. మొదటిరోజు గుప్పెడనుకున్నది గంపెడైంది. ఆ తర్వాత రెండు రోజులు కొట్టం వైపు ముక్కున్నవాడెవడూ రాలేదు. ఎందుకో మీరే ఊహించుకోండి. మెల్లగా అలవాటు చేశాక మాత్రం అది నమలడం ఆపలేదు.

పందెపు ఎద్దును దిష్టి తగలకుండా దాచడం మా అలవాటు. దీన్నీ కొట్టంలోనే కట్టేసి, వాకిలికి గోనెపట్టా వేలాడదీశాను. ఎద్దులవాళ్లకు ఎదుగుదలంటే మూపురమే కదా! పొద్దున్నే దాని మూపురాన్ని జానతో కొలిచేవాణ్ణి. అది ఎంతకీ లేవదు. నేను ఉలవలు పెంచుతూ పోయాను. మొదట్లో నేలమీద నిలబడి కొలిచినవాణ్ణి, తర్వాత తొట్టి అంచెక్కి కొలిచాను. అయినా నా బుర్రకు తట్టలేదు చూడండి!

"ఏందిరా, ఇది నన్ను పైనుంచి చూస్తాండాది?" అన్నాడు నాయన ఒకరోజు.

"మెడ పొడుగు జాతి నాయనా."

చలికాలం వెళ్లాక ఖాదరన్న వచ్చాడు. దర్జాగా గోనెపట్టా ఎత్తాను. మెడ బయటికొచ్చింది. ముందుకాళ్లు వచ్చాయి. మూపురం ద్వారబంధానికి తగిలి ఆగిపోయింది.

"అల్లా! తల్లిని మించిపోయిందే!" అని మురిసిపోయిన ఖాదరన్న, మరుక్షణం దిగాలుపడ్డాడు. "ఇప్పుడెట్ట తీస్తావప్పా?"

"కూచోబెట్టి తీద్దామన్నా."

"కూచోమంటే కూచుంటాది. కూచోని నడిచే ఒంటెను నేనైతే చూడలేదు."

"పోనీ, నేల తవ్వుదాం."

"కింద పరిచింది గూడా రాయేరా," అన్నాడు నాయన. ద్వారబంధాన్ని చూశాడు, ఒంటెను చూశాడు, నన్ను చూశాడు. "గడ్డపార యాడుంది?"

అది నాకోసమేననుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

"తియ్‌రా రాయి. ఖాదరు బతుకు ఆ ఒంటె మీదుండాది. గోడ మళ్లీ కట్టుకుంటాం."

నేను రాయి పెకలిస్తుంటే ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. గోడ పడింది. ఒంటె బయటికొచ్చింది. ఖాదరన్న చేతిలోని తుమ్మకొమ్మను వాసన చూసింది. వెనక్కి తిరిగి, నింపాదిగా కొట్టంలోకి పోయి, ఉలవల తొట్టిలో మూతి పెట్టింది.

నాయన కొత్త వాకిలిని రెండింతల ఎత్తు కట్టించాడు. నాకు పిల్లనివ్వడానికి వచ్చినాయన అది చూసి, "కొట్టానికి ఇంత ఎత్తు ఎందుకప్పా?" అనడిగాడు.

"మావాడు ఈసారి ఏం మేపుతాడో తెలీదు గదా," అన్నాడు నాయన.

ఆ వాకిలి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ జీవికి ఉలవలు పెట్టినా, ముందు ద్వారబంధం కొలిచాకే.