మాస్టారి ముక్తాయింపు

సీతాఫల్‌మండిలో మా పక్క వాటాలో ఒక మృదంగం మాస్టారు ఉండేవారు. ముక్తాయింపు అంటే ఒకే ముక్కను మూడుసార్లు వాయించి, తాళంతో కలిపి ముగించడం. ఆయన దాన్ని కచేరీలకే పరిమితం చెయ్యలేదు. అన్నం తిన్నాక పీట మీద, ఉత్తరం రాశాక బల్ల మీద, భార్యతో వాదన చాలించాలనుకుంటే తలుపు మీద వేళ్లతో వాయించేవారు. మూడోసారి అయ్యాక ఆవిడ ఎంత అరిచినా ఆయనకు వినపడేది కాదు. నాకది పొగరనిపించేది.

ఎదురింటి దర్జీ సాయిబు రోజూ సాయంత్రం మా అరుగు మీద కూర్చుని మాస్టారి సాధన వినేవాడు. పోలీసు చర్య జరిగిన కొన్నాళ్లకు, ఇక్కడ ఉండాలంటే భయమేసి, ఇల్లు ఖాళీ చేసి కరాచీలో బావమరిది దగ్గరికి బయలుదేరాడు. పెళ్లాం పిల్లలను జట్కా ఎక్కించి మాస్టారి దగ్గరికి వచ్చాడు.

“మాస్టర్ సాబ్, పోతున్న. జెర ముక్తాయింపు కొట్టుండ్రి, విని పోత.”

మాస్టారు మృదంగం తెచ్చారు. రెండుసార్లు వాయించి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. సాయిబు మూడోదాని కోసం చూసి, సలాం చేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కచేరీల్లో మూడూ వాయించేవారు గానీ, ఇంట్లో పీట మీదా బల్ల మీదా రెండే. ఒకరోజు భార్య ఉండబట్టలేక అడిగింది.

“ఏందీ, మూడోది మర్చిపోయిండ్రా?”

“మర్చిపోలే. భాయ్ వచ్చినంక కొడ్త.”