సలోమి ఆంటీ చెప్పని మాట

మొన్న బుధవారం పళ్ల డాక్టర్ దగ్గర కుర్చీలో కూర్చోగానే నర్సు వచ్చి నా చేతికి బీపీ పట్టీ చుట్టింది. పళ్లు శుభ్రం చేయడానికి రక్తపోటుతో ఏం పనో నాకు తెలియదు కానీ, ఇక్కడ దేనికైనా ముందు అదే. పట్టీ బుసబుసమంటూ బిగిసింది, మోచేతి పైన నాడి దబదబ కొట్టుకుంది, తరువాత గాలి సన్నగా ఈలవేస్తూ వదిలింది. ఆ చప్పుడుకే నా మొహం వేడెక్కిపోయింది. అంకె ఎక్కువ వచ్చింది. డాక్టరంటే భయమా అని నర్సు నవ్వుతూ అడిగితే అవునన్నాను. అబద్ధమాడడం నాకు చిన్నప్పటినుంచీ బాగా వచ్చు. ఆ సంగతి ముందే చెప్పేస్తే చదివేవాళ్లకి మంచిది.

అది భయం కాదు, సిగ్గు. ఈ దేశంలో ఆ పట్టీ మొదటిసారి నా చేతికి చుట్టిన మనిషి పేరు సలోమి. మేమంతా సలోమి ఆంటీ అనేవాళ్లం. అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌లో ఒక పెద్ద స్టోర్‌లో, మందుల కౌంటర్ వెనక తెల్లకోటు వేసుకొని నిలబడే ఫార్మసిస్టు. గుంటూరులో ఫార్మసీ చదివి ఇక్కడికొచ్చి, పగలు బట్టల దుకాణంలో పనిచేస్తూ ఇక్కడి పరీక్షలన్నీ రాసి లైసెన్సు తెచ్చుకున్నారు. భర్త పోయి చాలా ఏళ్లయింది, కూతురు ఇర్వింగ్‌లో ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి హాలులో మా తెలుగు ఆరాధన జరిగేది. అక్కడ ఆమె సండే స్కూల్ నడిపేవారు. ఇక్కడే పుట్టిన పిల్లలు తడబడకుండా 'ళ' పలికారంటే అది ఆమె చలవే. పొట్టిగా, బొద్దుగా, నడకలో ఎప్పుడూ తొందరగా ఉండేవారు. మాటల్లో మాత్రం తొందర లేదు.

పెళ్లయి ప్రకాశ్ వెంట వచ్చేనాటికి నాకు ఇరవై అయిదేళ్లు. ఆయనది కాంట్రాక్టు మీద ఐటీ ఉద్యోగం, నాది ఆయన మీద ఆధారపడిన వీసా. ఏడాది తిరిగేసరికి ఇక్కడి యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు వచ్చింది. రెండేళ్ల చదువు. ఆ రెండేళ్లు కడుపు పండకపోతే చాలు, నా కాళ్ల మీద నేను నిలబడతాను. అదొక్కటే నాకు కావలసింది. అత్తయ్య మాత్రం ప్రతి శనివారం తణుకు నుంచి ఫోన్ చేసి విశేషమేమైనా ఉందా అని అడిగేవారు. ప్రకాశ్ మంచివాడే, వాళ్లమ్మకి కాదని చెప్పడం ఒక్కటే చేతకాదు. దేవుడు ఎప్పుడిస్తే అప్పుడే అనేవాడు. నాకు ఇప్పుడొద్దని నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. నవ్వి ఊరుకొని దొంగదారి వెతుక్కున్నాను. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే ఇంటికి ఒకటే కారు, నడిపేది ఆయనే, ఇన్సూరెన్స్ కాగితాలు వచ్చేది ఆయన పేరుకే. అలాంటప్పుడు క్లాసులో ఒక అమ్మాయి చెప్పింది, మనముండే ఈ రాష్ట్రంలో ఇప్పుడు డాక్టర్ చీటీ లేకపోయినా ఫార్మసిస్టే ప్రశ్నలడిగి, బీపీ చూసి, గర్భం రాకుండా మాత్రలు ఇవ్వొచ్చని.

ఒక శనివారం ప్రకాశ్ కారుకి ఆయిల్ మార్పించడానికి స్టోర్ వెనక వైపుకి వెళ్లాడు. నేను మందుల వైపు నడిచాను. కౌంటర్ వెనక సలోమి ఆంటీ కనిపించగానే గిరుక్కున తిరిగి షాంపూల వరసలో దూరాను. ఆమె భోజనానికి వెళతారేమో, వేరే ఫార్మసిస్టు వస్తాడేమో అని సీసాల వెనక అచ్చువేసిన అక్షరాలన్నీ చదివాను. ఆ రోజుకి షాంపూల సంగతి నాకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు ఊళ్లో ఉండి ఉండరు. చివరికి ఆమే నన్ను చూసి నెక్స్ట్ అన్నారు. ముందు ఆదివారమే నా ప్లేట్‌లో వద్దన్నా వినకుండా చేపల పులుసు వేసిన మనిషి, నన్నెప్పుడూ చూడనట్టు పేరూ పుట్టినతేదీ అడిగారు. నేను గొణిగిన మాట విని, పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశారు.

ఒక కాగితం ఇచ్చారు. పొగ తాగుతావా, తల ఒకవైపే నొప్పి పెడుతుందా, కాళ్లలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, అన్నీ ప్రశ్నలే. ఎందుకు కావాలి అన్నచోట 'చదువు పూర్తయ్యేవరకు గర్భం వద్దు' అని ఇంగ్లీషులో రాసి కింద సంతకం పెట్టాను. బీపీ ఎక్కువొచ్చింది. ఇంత ఉంటే ఇవ్వకూడదమ్మా, కాసేపు కూర్చో, భయం తగ్గాక మళ్లీ చూద్దాం అన్నారు. రెండోసారి సరిపోయింది. రోజూ ఒకే వేళకి వేసుకోవాలని, మరిచిపోతే ఏం చేయాలో, కాలు వాచినా ఛాతీలో నొప్పొచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలని, ఆరు నెలల్లోపు కాలేజీ క్లినిక్‌లో డాక్టర్‌కి చూపించుకోకపోతే మళ్లీ ఇవ్వడం కుదరదని, ఒక్కొక్కటి నా చేత తిరిగి చెప్పించుకున్నారు. ఇంట్లో ఎవరైనా బలవంతం చేస్తున్నారా, చెయ్యి చేసుకుంటున్నారా అని కూడా అడిగారు. నన్ను ఆ మాట అంత మామూలుగా అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. లేదన్నాను. లేచేముందు, ఆంటీ, మా ఇంట్లో ఈ సంగతి, అని మొదలుపెట్టేలోగా ఆమె చెయ్యెత్తి ఆపారు.

"ఈ గదిలో నేను ఆంటీని కాదమ్మా. నువ్వు వచ్చావన్న సంగతి కూడా ఈ తలుపు దాటదు. అది నా మంచితనం కాదు, నా పని. మీ ఆయనకి చెప్పుకుంటే నీకే తేలిక. కానీ చెప్పమని నేను అనను."

ఆమె చెప్పినట్టే కాలేజీ క్లినిక్‌లో చూపించుకుని, ఆ రెండేళ్లూ నేను బాగా చదివాను. మా చర్చి ఆడవాళ్లు నా కడుపు పండాలని అంతే బాగా ప్రార్థించారు. పెళ్లయి మూడేళ్లు కావస్తుంటే పాస్టరమ్మగారు వాళ్లింట్లో నాకోసమే ఒక ఉపవాస ప్రార్థన పెట్టారు. నన్ను నడుమ మోకరింపజేసి అందరూ నా తలమీద చేతులు వేశారు. ఒక్కొక్కరూ కన్నీళ్లతో గర్భఫలం అడిగారు. పొద్దుట వేసుకున్న మాత్ర నా కడుపులో ఉంది, వాళ్లేమో మంచినీళ్లు కూడా ముట్టలేదు. సలోమి ఆంటీ వంతు వచ్చింది. "తండ్రీ, ఈ బిడ్డ మనసులో ఏముందో నీకు తెలుసు. అది నెరవేర్చు. ఆమెన్," అన్నారు. అంతే. సలోమిగారి ప్రార్థన టెలిగ్రామంత ఉందని పాస్టరమ్మగారు తరువాత ఆటపట్టించారు. ఆమె నవ్వి పులిహోర గిన్నె మూత తీశారు. అబద్ధం చెప్పకుండా, గుట్టు విప్పకుండా మాట్లాడవచ్చని నేను ఆ రోజే చూశాను. చూసి నేర్చుకున్నదేమీ లేదు.

చివరి సెమిస్టర్‌లో అత్తయ్య వచ్చారు. తణుకు చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా చేసి రిటైరయిన మనిషి. గడప గడపకీ తిరిగి ఇలాంటి మాత్రలే పంచినావిడ. నేను మాత్రల షీటు దాచింది మెంతుల డబ్బాలో. అమెరికాలో మెంతులతో ఎవరికి పని అనుకున్నాను, ఆవిడ వచ్చిన నాలుగోరోజే మాగాయకి మెంతిపిండి కొడతానని డబ్బా బోర్లించారు. అరవలేదు. షీటుని డైనింగ్ టేబుల్ మీద పెట్టి ప్రకాశ్ వచ్చేదాకా ఆగారు. ఇవేమిటో నాకు చెప్పక్కర్లేదు, ఎందుకు మింగుతున్నావో మా అబ్బాయికి చెప్పు అన్నారు. ప్రకాశ్ నావైపు చూశాడు. ఆ చూపులో కోపం కన్నా అయోమయమే ఎక్కువుంది. ఆ ఒక్క నిమిషం నేను నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? గొడవయ్యేది. ఏడుపులయ్యేవి. చదువు ఆగిపోయేదేమో కూడా.

"సలోమి ఆంటీ ఇచ్చారు," అన్నాను. "నెలసరి సరిగా రావడానికన్నారు. ఇవి ఆ మాత్రలని నాకు తెలీదు."

తడుముకోలేదు. ఆ పేరు ఊరికే నోట్లోంచి జారలేదు కూడా. ఆమె ఏం జరిగినా నోరు విప్పరని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక సండే స్కూల్ గదిలో కూర్చోబెట్టారు. పిల్లల కుర్చీలు తప్ప వేరేవి లేవు. పాస్టర్‌గారు, ఇద్దరు పెద్దలు, అత్తయ్య, ప్రకాశ్, నేను, అందరం మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఆ బుల్లి కుర్చీల్లోనే కూర్చున్నాం. సలోమి ఆంటీ నిలబడ్డారు. ఈ అమ్మాయికి మాయమాట చెప్పి మాత్రలిచ్చారంటున్నారు, నిజమేనా సిస్టర్ అని పాస్టర్‌గారు నెమ్మదిగానే అడిగారు.

"నా కౌంటర్‌కి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో నేను చెప్పనండి, పాస్టర్‌గారూ. ఎవరడిగినా అంతే."

"తప్పు చెయ్యకపోతే చెప్పడానికేం?" అన్నారు అత్తయ్య.

"చెయ్యకపోయినా చెప్పనండి," అన్నారామె.

నా చేతిరాతతో నా సంతకంతో ఉన్న కాగితం పది నిమిషాల దూరంలో ఆ స్టోర్ ఫైళ్లలో ఉంది. దాని ఊసెత్తితే చాలు. ఎత్తలేదు. ఒక్కసారి నావైపు చూశారు. తిట్టే చూపు కాదు, నా వంతు వచ్చిందేమో అన్నట్టు ఆగిన చూపు. నేను గోడమీద పిల్లలు రంగులేసిన బైబిలు కథ ఓడలో జిరాఫీని చూస్తూ కూర్చున్నాను. ఆ జిరాఫీకి మెడ ఊదారంగు. ఇది జరిగి రెండేళ్లు దాటినా ఆ రంగు మరిచిపోలేదు, నా బతుక్కి అంతకన్నా హీనమైన నిమిషం ఇంకొకటి లేదు.

కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి సిస్టర్ అని మర్యాదగా ఆమెనుంచి సండే స్కూల్ తీసేశారు. తల్లులు పిల్లల్ని ఆమె దగ్గరికి వెళ్లనివ్వడం మానేశారు. అయినా ఆమె వస్తూనే ఉన్నారు, చివరి వరసలో ఒక్కరే కూర్చునేవారు. అత్తయ్యకి అది చాలలేదు, లైసెన్సు ఇచ్చిన బోర్డుకి ఫిర్యాదు రాయిద్దామన్నారు. ఫిర్యాదంటూ వెళితే ఆ కాగితం బయటికి వస్తుంది. వద్దు అత్తయ్యా, క్షమించేద్దాం, దేవుడే చూసుకుంటాడు అన్నాను. ఆ మాట పాస్టరమ్మగారి దాకా వెళ్లింది. స్త్రీల కూడికలో నన్ను లేపి నిలబెట్టి, ఇంత చిన్నవయసులో ఇంత క్షమాగుణమా అని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తలవంచుకున్నాను, అది కూడా వినయం కింద జమయింది.

సండే స్కూల్ గదిలో కూర్చోబెట్టిన ఆ వారమే కాలేజీ నుంచి బస్సులో స్టోర్‌కి వెళ్లాను. ఏడవడానికి సిద్ధపడే వెళ్లాను. ఆంటీ అనగానే ఆమె అదే చిన్న గది తలుపు తీశారు. నేను నోరు తెరిచేలోపే, "మాత్రలు ఏ రోజు ఆగాయి?" అని అడిగారు. చెప్పాను. మధ్యలో ఆపితే రక్తం కనపడుతుంది కంగారుపడకు, ఇక నీకు వాటి అండ లేనట్టే, పరీక్షలయ్యేదాకా జాగ్రత్త అన్నారు. అప్పుడు ఏడ్చాను. తప్పయిపోయింది ఆంటీ, అందరి ముందూ నిజం చెప్పేస్తాను అన్నాను. ఎందుకులే అమ్మా, పోనీలే, అంటారనుకున్నాను. మన పెద్దవాళ్లు అలాగే అంటారు కదా. ఆ మాట కోసమే వెళ్లానని ఇప్పుడు తెలుస్తోంది.

"చెప్పు," అన్నారు. "నేను చెప్పకూడదు. నువ్వు చెప్పొచ్చు."

వచ్చే ఆదివారం అనుకున్నాను. ఆ వారం ప్రాజెక్టు అన్నాను. అత్తయ్య ఊరెళ్లాక అనుకున్నాను, ఉద్యోగం వచ్చాక అనుకున్నాను. చదువయింది, ఉద్యోగం వచ్చింది, నాకు కావలసినప్పుడే కూతురు పుట్టింది. పాపని ఎత్తుకొని మైకు ముందు నిలబడి మీ ప్రార్థనలు ఫలించాయని సాక్ష్యం చెప్పాను. చివరి వరసలో ఆమె విన్నారు. అయ్యాక దగ్గరికొచ్చి పాప పాదం పట్టుకొని చూసి, కాన్పు తరువాత బీపీ చూపించుకున్నావా అని అడిగారు. చూపించుకున్నానన్నాను. అది అబద్ధం. కిందటి చలికాలం ఆమె ఉద్యోగం మానేసి ఇర్వింగ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. వీడ్కోలు భోజనం ఎవరూ పెట్టలేదు. నంబరు నా ఫోన్‌లోనే ఉంది.

పోయిన నెల షారోన్ అనే అమ్మాయిని చర్చి నుంచి ఇంటికి దింపాను. కొత్తగా పెళ్లయి వచ్చింది, నర్సింగ్ కోర్సులో చేరింది. నాలుగో నెలట. కోర్సు మానేస్తున్నానక్కా, ఈ వాంతులతో క్లాసులో కూర్చోలేకపోతున్నాను అంది. ఇంత తొందరగా వద్దనుకున్నాను అని కూడా అంది. మరి ఫార్మసీలో అడగకపోయావా, ఇస్తారు కదా అన్నాను, రోడ్డు చూస్తూ. ఆమె నావైపు వింతగా చూసింది.

"మీకు జరిగింది విన్నాక ఎలా అడుగుతానక్కా? ఏదో చెప్పి ఏదో ఇచ్చేస్తారట కదా. మన చర్చిలో అమ్మాయిలెవరమూ అడగం."

కారు పక్కకి ఆపాను. నాకెవరూ ఏదో చెప్పి ఇవ్వలేదు షారోన్, నేనే అడిగి తీసుకున్నాను, దొరికిపోయి ఆమెమీద పెట్టాను అన్నాను. బయట పెట్టడానికి ఇన్నాళ్లు పట్టిన మాట అరనిమిషంలో అయిపోయింది. ఆమె కిటికీ వైపు తిరిగింది. చెయ్యి పొట్టమీద ఉంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. చివరికి నావైపు తిరిగి, నా మొహం చూసి జాలిపడినట్టుంది.

"నేనెవరికీ చెప్పనులే అక్కా," అంది.

చెప్పు అనాల్సింది. అందరికీ చెప్పు, ముందు ఆ అమ్మాయిలకి చెప్పు అనాల్సింది. నా ప్రాణం కుదుటపడింది. "థాంక్స్ రా," అన్నాను.