గుప్‌చుప్ బండి దగ్గర అత్త

మా అత్త ఎదుట కూర్చుని అన్నం తినడం నాకు ఇబ్బందిగా ఉండేది. కీమో మొదలైన దగ్గర్నుంచి ఆవిడ తన కంచం పక్కకు నెట్టేసి, నేను ముద్ద నమిలినంతసేపూ నా మొహంలోకే చూసేది. దిష్టి పెడుతోందా, వంటకి వంక వెతుకుతోందా అని నాకు లోపల గుంజాటన.

దానికి తోడు సాయంత్రం అయ్యేసరికి, జుట్టు రాలిన తలకి స్కార్ఫ్ చుట్టుకుని మాయమయ్యేది. "ఎక్కడికత్తా?" అంటే, "అలా తిరిగొస్తానమ్మీ" అనేది. బయటి తిండి ముట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో ముద్ద దిగని మనిషి బయట ఏదో తింటోందని నాకు రూఢి అయిపోయింది. ఒకరోజు వెనకే వెళ్ళాను.

సెక్టర్ 6 మార్కెట్లో, ఇక్కడ గుప్‌చుప్ అనే పానీపూరీ బండి దగ్గర నిలబడి ఉంది. చేతిలో దొన్నె లేదు. పులుపు నీళ్ళు నింపిన పూరీని నోట్లో పెట్టుకుంటున్న ఎవరో అమ్మాయిని రెప్పవేయకుండా చూస్తోంది.

నన్ను చూసి తడబడలేదు. "దొంగతనంగా తింతన్నాననుకున్నావేటి? మందులు పడ్డ కాడ్నుంచి ఏటి తిన్నా నోరంతా ఇనుమేనమ్మీ. మీ మావ స్టీలు ప్లాంటు నుంచొచ్చి విప్పిన చొక్కా నమిల్నట్టుంటాది. అందుకే తినీవోళ్ళని చూస్తన్నాను" అంది. బండివాడి వైపు తిరిగి, "భయ్యా, బహూ కో దో. ఖట్టా జ్యాదా" అని, కోడలికి పులుపు ఎక్కువ వేసి ఇమ్మంది.

నేను నమ్మలేదు. ఆవిడ పెదాల మీద తడి ఉందేమోనని చూస్తూనే పూరీ నోట్లో పెట్టుకున్నాను. పులుపుకి కళ్ళు మూసుకుపోయాయి.

తెరిచేసరికి అత్త నా మొహంలోకే చూస్తూ ఖాళీ నోటితో గుటక వేస్తోంది. "ఇయ్యాల పులుపు బాగా కుదిరిందమ్మీ" అంది.