సారు రంగు

మా డ్రాయింగు సారు పోయారు. కబురు అందేసరికి నేను ఉప్పల్‌లో నా ఫ్లెక్సీ దుకాణంలో ఉన్నాను. రాష్ట్రం వచ్చిన సంబరం ఇంకా తగ్గలేదు. మిషను ఊపిరి తీసుకోకుండా నడుస్తోంది, ఆర్డరిచ్చినవాళ్లు నా నెత్తిమీదే కూర్చున్నారు. సారు కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, నాయిన పోయిండు. పొద్దుగాల చాయ తాగి కుర్చీల కూసున్నడు, గంతే. ఫ్లెక్సీ నువ్వే చెయ్యాలె." ఏడుస్తూనే చేశాను. ఆ ఏడుపులో ఏం చేశానో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, అయినా రాస్తున్నాను.

నాచారంలో మేం చదివిన చిన్న ప్రైవేటు స్కూల్లో ఆయన బొమ్మలు నేర్పేవారు. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి అక్కడి ఫ్యాక్టరీలో పనికొచ్చారు. ఒకరోజు సారు ఎవరి మొహం వాళ్లనే గీయమన్నారు. రంగుల డబ్బాలో 'స్కిన్ కలర్' అని ఒక క్రేయాన్ ఉంటుంది చూశారూ, లేత గులాబీది? దాంతో నా మొహం నిండా రుద్దేశాను. నేను నలుపు. పెరుగు, శనగపిండి, పక్కింటివాళ్ల జాలి, ఇన్ని పట్టించినా వదలని నలుపు.

సారు ఆ క్రేయాన్ పైకెత్తి, "ఇది ఎవరి తోలు బిడ్డా? ఈ క్లాసుల ఎవరికన్న ఉంటె సూపెట్టు" అన్నారు. పిల్లలంతా నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన తన రంగుల ప్లేటు తెచ్చి, ఇటుక రంగులో కాస్త పసుపు, చిటికెడు నీలం కలిపి నా మణికట్టు మీద ఒక చుక్క పెట్టారు. చుక్క తేలిపోయి కనబడింది. ఇంకాస్త నీలం కలిపి పక్కన ఇంకోటి పెట్టారు. అది కనబడలేదు, నా ఒంట్లో కలిసిపోయింది. "ఇగో, ఇది నువ్వు. మస్తుగున్నవ్" అన్నారు. నన్ను బాగున్నావని ఇంట్లోవాళ్లు కాక ఇంకొకరు అనడం అదే మొదలు.

ఎవరి బొమ్మ వేసినా ఆయన పని మణికట్టు దగ్గరే మొదలయ్యేది. చుక్క కనబడకుండా పోతే తప్ప మొహం మీదికి వెళ్లేవారు కాదు. "మొకం ఎండకు మారుతది, పౌడరుకు మారుతది. మణికట్టు అబద్ధమాడదు" అనేవారు.

కాలేజీ రోజుల్లో ఆదివారాలు నేనూ ఆయన వెంట వెళ్లేదాన్ని. వరంగల్ రోడ్డు బస్సెక్కి మేడిపల్లిలోనో నారపల్లిలోనో దిగేవాళ్లం. పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతుతున్న కాలం. ఆ రాళ్లు మోసేవాళ్లను కూర్చోబెట్టి బొమ్మలు వేసేవారు. మధ్యాహ్నం జొన్నరొట్టె, టమాటా తొక్కు వాళ్లతోనే పంచుకు తినేవారు. ఒకసారి నేను గట్టు మీద గడ్డి వేస్తుంటే, "జర ఆగు. గిది మీ కృష్ణా కాలువ గట్టు పచ్చ. ఈడిది ఎండిన పచ్చ, దుమ్ము కలుపు" అన్నారు.

"మా కాలువలో మీరు కాలైనా పెట్టలేదు కదా సార్, ఎలా తెలుసు?"

"నీ బొమ్మల ఇప్పుడే పెట్టిన గద!" అని పకపకా నవ్వారు.

చనిపోయినవాళ్ల ఫొటోలు తెచ్చి బొమ్మ వేయమనేవాళ్లు చాలామంది వచ్చేవారు. వాళ్లు అడిగేది ఒకటే, జర తెల్లగ గియ్యి సారూ అని. "మీ అమ్మను గియ్యాల్నా, వేరేటోళ్ల అమ్మను గియ్యాల్నా?" అని ఈయన. సగం మంది అలిగి వెళ్లిపోయేవారు. "ఈయన నోటికి పని ఒక్కటి నిలువది" అని ఆయన భార్య వంటింట్లోంచే గొణిగేది. ఆమెను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్లం.

ఇక నా సంగతి. నా దుకాణంలో ఎవరి ఫొటో వచ్చినా ముందు చేసే పని తెల్లబరచడం. పెళ్లికొడుకైనా, నాయకుడైనా, పోయినవాళ్లైనా సరే. అడగక్కర్లేదు, చెయ్యే చేసేస్తుంది. ఆ రోజూ చేసేసింది. నా బుద్ధి గడ్డి తింది.

సాయంత్రం సారువాళ్ల గల్లీ మలుపులో కట్టిన ఆ ఫ్లెక్సీని చూశాను. వెనక నీలి ఆకాశం, తెల్ల మబ్బులు, మధ్యలో సారు. సరిగ్గా ఆ క్రేయాన్ రంగులో! నాకు నా రంగు ఇచ్చిన మనిషి రంగు నేనే తీసేశాను. ఎవరైనా తిడితే బాగుండేది. "సారు మస్తుగున్నడు" అంటూ పోతున్నారు. కొడుకు నా చెయ్యి పట్టుకుని "మంచిగొచ్చిందక్కా" అన్నాడు.

అమ్మ ఒక్కతే దాని ముందు చాలాసేపు నిలబడింది. "ఎర్రగ బుర్రగున్నడు. ఎవరే బిడ్డా ఈయన?" అంది. నేను ఫ్లెక్సీ తాడు విప్పబోయాను. దించేద్దామంటే కొడుకు, "ఇప్పుడెట్లక్కా, అందరు సూస్తున్నరు" అన్నాడు. అది అలాగే ఉండిపోయింది. వారమంతా తల దించుకుని ఆ మలుపు దాటాను.

దినాలకు ముందు అమ్మే పిలిచింది. "మిషను వద్దు. చెయ్యితోని గియ్యి" అని సారు ప్లేటు, కుంచెలు నా ముందు పెట్టింది. కుంచె పట్టి ఏళ్లయింది. చుక్క పెట్టి చూసుకుందామంటే సారు మణికట్టు లేదు. నేను దిక్కులు చూస్తుంటే కొడుకు చొక్కా చెయ్యి పైకి లాగి, "నాయిన రంగే గదక్కా నాది" అని ముందుకు చాపాడు.

మొదటి చుక్క సున్నం బొట్టులా తేలింది. అడగకుండానే తెలుపు కలిపేశాను, చూశారా! తల ఎత్తలేకపోయాను. నీలం కలిపాను, చాల్లేదు. ఇటుక రంగు వేసి మళ్లీ నీలం కలిపి, ఊపిరి బిగపట్టి ఇంకో చుక్క పెట్టాను.

"ఏదే సుక్క?" అంటూ అమ్మ కొడుకు చెయ్యి కిటికీ వెలుగులోకి లాక్కుంది. కళ్లు చికిలించి వెతికింది. కనబడలేదు. బొటనవేలితో మణికట్టంతా తడిమింది, వేలికి తడి రంగు అంటుకుంది. దాన్ని తుడుచుకోలేదు. ఆ వేలినే చూసుకుంటూ కూర్చుంది.