బోర్లా పడే కెప్టెన్

యూసుఫ్‌గూడ రాజబాబు ఈ యుద్ధం సినిమాలో జర్మన్ సిపాయిగా ఇప్పటికి మూడుసార్లు చచ్చాడు. ప్రతిసారీ బోర్లానే పడ్డాడు. మొహం కనబడని జూనియర్ ఆర్టిస్టుకి మర్నాడు కూడా వేషం దొరుకుతుంది. ఇవాళ కెప్టెన్ కోటు ఒంటికి సరిపోయిందని, వంతెనలు పేల్చే ఇంజనీర్ల దళానికి కెప్టెన్ని చేశారు.

"ఈసారైనా మొహం చూపించండి. సినిమాలో నాన్న ఏరీ అని పిల్ల అడుగుతోంది," అంది పొద్దున భార్య సారా.

ఫిల్మ్‌నగర్ సెట్లో వంతెన పేలింది. రాజబాబు అలవాటుగా బోర్లా పడ్డాడు.

"ఏందన్నా, కెప్టెన్‌వి! మొహం చూపియ్యవా?" అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్.

"చూపిస్తే రేపు వేషం ఉంటుందా సార్?"

"సచ్చిన కెప్టెన్ మళ్లెట్లొస్తడే?"

రాజబాబు కోటు చేతి అంచుతో బుగ్గ మీది బురద తుడుచుకున్నాడు. రెండో టేకులో వెల్లకిలా పడ్డాడు. కట్ చెప్పాక కూడా మొహం కెమెరా వైపే ఉంచి, వెంటనే లేవలేదు.